చెమట ఆగిన మధ్యాన్నం

ఎండాకాలం వచ్చిందంటే నేను ఎండలో తిరుగుతా, ఎండలో తిరగొద్దని జనానికి చెప్పాలి. అదే నా పని. రాజుపాలెం మండలంలో ఒక పల్లెకు ఆశా కార్యకర్తను నేను. మా ఊరి చుట్టూ అంతా నల్లరేగడి. శనగ కోసినాక కనుచూపు మేరలో నీడ అనేది కనపడదు. తల మీద తడిపిన తువాలు, భుజానికి ఓఆర్ఎస్ పొట్లాల సంచి వేసుకుని గడప గడపకూ పోతాను. పదకొండు నుంచి నాలుగు దాకా బయటికి పోవద్దు. దప్పిక కాకపోయినా నీళ్లు తాగుతుండాలి. మజ్జిగలో ఉప్పేసుకోండి. ముసలోళ్లను మధ్యాన్నం పూట రేకుల కింద పడుకోబెట్టొద్దు. ఎవరికైనా చెమట ఆగిపోయి, ఒళ్లు కాలి, మాట తిక్కగా వస్తాంటే ఆలస్యం చేయకుండా నీళ్లతో తడపండి, నాకు ఫోన్ చేయండి. ఏటా ఇవే మాటలు.

వినేవాళ్లు వింటారు. నవ్వేవాళ్లు నవ్వుతారు. ఒకసారి కూలికి పోయే ఆమె చేటలో బియ్యం చెరుగుతా అనింది: "పదకొండుకు ఇంటికొచ్చేస్తే రేప్పొద్దున పనికి ఎవరు పిలుస్తారు మ్మా? నువ్వు చెప్పేది మంచిమాటే. చేసేదెట్లో అది కూడా చెప్పిపో."

పొట్లం ఇచ్చి పక్కింటికి పోయాను.

ఇంట్లో కూడా తెలుగే మాట్లాడే సాయిబులం మేము. అమ్మ, నాయన పోయినాక నాకు పుట్టిల్లంటే మా అన్నే. ఆయన బేల్దారి. ఇండ్లు కట్టే మేస్త్రీలను మా వైపు అట్లనే పిలుస్తాం. కాపురం జమ్మలమడుగులో. పెండ్లయిన కొత్తలో కువైట్‌కు పోయి, అక్కడ శానా ఏండ్లు పెద్ద పెద్ద భవనాల పని చేసి, మోకాళ్లు అరిగినాయని తిరిగి వచ్చేశాడు. నెమ్మదైన మనిషి. కింద పనిచేసే వాళ్లను గట్టిగా ఒక మాట అన్నది నేనెప్పుడూ వినలేదు.

నా పొట్లాలు చూస్తే మాత్రం ఎగతాళి చేసేవాడు. "కువైట్ ఎండ చూసినోనికి నీ రాజుపాలెం ఎండ ఒక లెక్కా పాపా?"

"ఆ ఎండలో మధ్యాన్నం పని చేయించేవాళ్లా అన్నా?"

"ఎట్ల చేయిస్తారు? ఎండాకాలం నెలల్లో మధ్యాన్నం పని ఆపాలని ఆడ చట్టం ఉండాది. టైముకు బస్సొచ్చేది. క్యాంపుకు తోలకపోయి ఏసీ గదుల్లో పడేసేవాళ్లు. పొద్దు వాలినాకే మళ్లా పని."

"అట్లయితే నువ్వు కువైట్ ఎండ చూసింది కిటికీలోంచే కదా."

పడీ పడీ నవ్వినాడు ఆ మాటకు.

మా ఊర్లో ఒక పెద్దరైతు కొత్తిల్లు మొదలుపెట్టినప్పుడు, మా అన్న గురించి నేనే చెప్పినాను. పని చూసి ఆయన ఒప్పుకున్నాడు. గోడలు లేచినాయి. మిద్దె వేసే రోజు, అంటే పైకప్పు కాంక్రీటు పోసే రోజు, మే నెలలో పడింది. తెల్లవారుజామున మొదలుపెట్టి, ఎండ ముదరక ముందే ముగించాలని అన్న అనుకున్నాడు. కాంక్రీటు కలిపే మిల్లరు ప్రొద్దుటూరు నుంచి వస్తా వస్తా దారిలో టైరు పంచరై నిలబడిపోయింది. అది ఊర్లోకి వచ్చేసరికి పొద్దు బాగా పైకి లేచింది.

"రేపు చేస్తాములే అప్పా," అన్నాడు రైతు. "ఈ ఎండలో ఏం మిద్దె?"

"మనుషులంతా వచ్చేసినారు మామా. మళ్లీ ఇంతమందిని పోగు చేయాలంటే వారం పడతాది. మొదలుపెడితే సాయంత్రానికి అయిపోతాది," అన్నాడు అన్న.

మిద్దె పని ఒకసారి మొదలైతే మధ్యలో ఆపడానికి లేదు. సగంలో ఆపితే అతుకు పడుతుంది, వానాకాలం అక్కడే కారుతుంది. తట్టలు మోసేవాళ్లు వంతులేసుకుని కిందికి దిగి, నీడన కూర్చుని నీళ్లు తాగి పోతున్నారు. పైన మట్టం చూసుకునేది మా అన్న ఒక్కడే. ఆయనకు వంతు లేదు.

ఆ పొద్దు నేను ఊరి ఇంకో చివరలో ఒక బాలింతను చూసి, ఇంటికొచ్చి సంగటి కెలికి, మజ్జిగ కలుపుకుని మధ్యాన్నానికి అక్కడికి పోయాను. గాలి వీస్తాంది గానీ అది పొయ్యి ముందర నిలబడితే తగిలే గాలి. కుక్కలు మురుగు కాలవలో పడుకున్నాయి. కింది నుంచి పిలిచినాను. అన్న పలకలేదు. మజ్జిగ చెంబు పట్టుకుని నిచ్చెన ఎక్కినాను.

పైన ఆయన ఒక పిల్లగాన్ని తిడుతున్నాడు. గొంతు చించుకుని తిడుతున్నాడు. ఆ తిట్లలో తెలుగు కొంత, అరబ్బీ కొంత. పనోళ్లు ఒకర్నొకరు చూసుకుని నవ్వుతాండారు. "మేస్త్రికి కువైట్ గాలి సోకింది," అన్నాడొకడు.

"అన్నా, దిగు. మజ్జిగ తాగి పోదువు," అన్నాను.

నా వైపు తిరిగినాడు. ముఖం కాల్చిన ఇటుక మాదిరి ఉంది. పొద్దున చెమటకు తడిసిన చొక్కా ఎండిపోయి, దాని మీద ఉప్పు తెల్లగా గీతలు కట్టింది. నుదుటి మీద ఒక్క చుక్క చెమట లేదు.

"బస్సు వచ్చిందా పాపా?" అన్నాడు.

"ఏ బస్సన్నా?"

"క్యాంపు బస్సు. టైమైపాయ. ఇంగా రాలేదేంది?"

నవ్వేవాళ్లు నవ్వు ఆపేసినారు. నేను చెయ్యి పట్టుకుని చూస్తే పెనం మీద చెయ్యి పెట్టినట్లుంది. చెమట ఆగడం, ఒళ్లు కాలడం, మాట తిక్కగా రావడం. ఈ మూడూ నేను ప్రతి ఇంట్లో పాఠం మాదిరి ఒప్పజెప్పినవే. అవన్నీ మా అన్నలో ఒక్కసారిగా కనపడినాయి. "పట్టుకోండి" అని నేను అనేలోపే ఆయన తడి కాంక్రీటులో మోకాళ్ల మీద కూలిపోయినాడు.

టార్పాలిన్ పట్టలో వేసి, నలుగురు పట్టుకుని కిందికి దించినారు. దించేటప్పుడే ఫిట్స్ వచ్చింది. కండ్లు పైకి తేలిపోయి, నోట్లోంచి నురగ వచ్చి, ఒళ్లంతా కొట్టుకుంటాంటే పట్టలోనే పక్కకు తిప్పి పట్టుకున్నాను. ఎవరో అంబులెన్సుకు ఫోన్ చేసినారు. బయలుదేరింది, రావడానికి టైం పడుతుందన్నారు.

నీళ్లు కావాలి. మిద్దె తడపడానికి పెట్టిన డ్రమ్ములో చెయ్యి పెడితే సురుక్కుమనింది. పొద్దున్నుంచీ ఎండలో కాగిన నీళ్లు. పక్కనే ఉన్న రైతు పాతింటి ట్యాంకు కొళాయి తిప్పితే అందులో అంతకన్నా వేడి. కరెంటు లేదు, బోరు ఆడదు. ఇంత ఊర్లో ఒక మనిషిని చల్లార్చడానికి చల్లటి నీళ్లు లేవు. నాకు ఏడుపొస్తాంది, ఏడ్చే టైం కాదని తెలుస్తాంది.

అప్పుడు ఆ పాతింటి కొట్టం కనపడింది. బోద గడ్డి కప్పిన కొట్టం. దాని లోపల ఎనుములు నీళ్లు తాగే గచ్చు తొట్టి. ఉరికి పోయి చెయ్యి ముంచినాను. చల్లగా ఉన్నాయి.

"ఈడ పండబెట్టండి. తొట్టిలో," అన్నాను.

రైతు వాళ్లమ్మ అడ్డం వచ్చింది. ఊర్లో శానా కాన్పులు చేసిన చెయ్యి అది, ఆమె మాటంటే అందరికీ గురి. "వద్దు పాపా. కాగిన ఒంటిని చన్నీళ్లలో ముంచితే పచ్చవాతం వస్తాది. ముందు నీడన పండబెట్టు, ఒళ్లు దానంతటదే ఆరనీ."

"ఆరేదాకా ఉండడు అవ్వా."

"నేను చెప్తాండా కదా. నా కండ్లతో చూసినా."

పట్ట పట్టుకున్న మగోళ్లు ఆమె ముఖం, నా ముఖం మార్చి మార్చి చూస్తా నిలబడిపోయినారు. ఆ చేతుల్లో మా అన్న కాలిపోతున్నాడు. నేను రైతు వైపు తిరిగి రెండు చేతులూ జోడించినాను. ఏం మాట్లాడినానో గుర్తు లేదు. ఆయన వాళ్లమ్మ భుజం పట్టుకుని మెల్లగా పక్కకు జరిపి, "ఆ పాపను చేయనీ మ్మా. తోడబుట్టినోడు," అన్నాడు.

తొట్టిలో పండబెట్టి, తల నీళ్ల పైకి ఉండేట్టు నా చేతుల్లో పట్టుకున్నాను. రైతు చేట తెచ్చి విసురుతున్నాడు. ఒకాయన జ్వరం బిళ్ల, సోడా తెచ్చి "ఇది తాగించండి" అంటే, "తెలివి లేనోని నోట్లో ఏం పోయొద్దప్పా, ఊపిరి లోకి పోతాది. బిళ్లతో తగ్గే వేడి కాదిది," అని చెప్పి పంపించినాను. కొంచెం సేపటికే తొట్టిలో నీళ్లు వెచ్చబడినాయి. ఒక మనిషి ఒంట్లో అంత వేడి ఉంటుందని నేను ఏ శిక్షణలోనూ వినలేదు.

"నీళ్లు మార్చాల. ఎవరింట్లో ఉంటే వాళ్లు తెండి," అని అరిచినాను.

ఎండాకాలం మా ఊరికి తాగే నీళ్లు రోజూ రావు. వచ్చిన రోజు పట్టుకుని, కుండల్లో పోసి, చూసి చూసి తాగాలి. ఆ నీళ్లు తెచ్చినారు. చీర కొంగు తల మీద కప్పుకుని, ఉత్తకాళ్లతో ఉరుకుతా ఇంటింటి ఆడోళ్లూ కుండలు తెచ్చి తొట్టిలో ఒంపి పోయినారు. నా పొట్లాలు చూసి నవ్వేవాళ్లు కూడా. ఒకామె కుండ ఒంపుతా, "మా ఇంట్లో ఇంగో కుండ ఉండాది, తెస్తా," అనింది. ముఖం కూడా ఎత్తి చూడలేదు నేను. చూస్తే అన్న తల నీళ్లలోకి జారుతుందని భయం.

అంబులెన్సు ఇంకా రాలేదు. ఎదురు పోదామని రైతు అన్నాడు. సిమెంటు మూటలు తెచ్చిన ట్రాలీ ఆటోలో గోనె సంచులు తడిపి పరిచి, అన్నను పండబెట్టి, పైన తడి చీరలు కప్పినాము. రాజుపాలెం దగ్గర చెరుకురసం బండి కనపడితే రైతు దూకి పోయి ఏం చెప్పినాడో, ఆ బండాయన రంపం పొట్టులో దాచిన ఐసు దిమ్మెను గోనెతో సహా ఎత్తుకొచ్చి ఆటోలో పెట్టినాడు. రాయితో పగలగొట్టి, చంకల్లో, మెడ పక్కన, గజ్జల్లో పెట్టుకుంటా పోయినాము. దారి పొడుగునా వడగాలి. అంబులెన్సు ఎదురు పడనే లేదు. తడి చీరలు కండ్ల ముందరే ఆరిపోతాండాయి. "అన్నా, బస్సొచ్చింది. బస్సులో పోతాండాము," అని చెవిలో చెప్తానే ఉన్నాను. వినపడిందో లేదో నాకు తెలీదు.

ప్రొద్దుటూరు ఆసుపత్రిలో డాక్టరు చూసి, "ఎవరు తడిపినారు?" అని అడిగినాడు. నేననగానే తల ఊపి, "మంచి పని చేసినారు, లేకపోతే ఈడ దాకా వచ్చేవాడు కాదు. అయినా ఇప్పుడే ఏమీ చెప్పలేను," అన్నాడు. ఆ సాయంత్రమే కడపకు పంపించినారు. మూత్రపిండాలు దెబ్బతిన్నాయన్నారు. కార్యం మీద పులివెందులలోని పుట్టింటికి పోయి ఉన్న మా వదిన అక్కడి నుంచే బస్సెక్కి నేరుగా కడపకు వచ్చింది. అద్దం లోంచి ఆయన నోట్లోని గొట్టాలు చూసి, గోడకు ఆనుకుని కూలబడిపోయింది.

"అన్నేండ్లు ఆడ ఉండినాడు. ఎడారిలో," అనింది. "ఆడ ఏం కాలేదు. ఇంటికొచ్చినాక అయింది."

పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. వరండాలో కూర్చోవడం, డాక్టరు బయటికి వస్తే లేచి నిలబడటం, ఆయన ముఖం చూసి మళ్లీ కూర్చోవడం. ఏ రోజు ఏదో అర్థం కాకుండా పోయింది మాకు. దేవున్ని అడగడానికి కూడా భయమేసేది, ఏమంటే ఏం జవాబొస్తుందో అని.

అన్న కండ్లు తెరిచినాడు. అదే మాకు పండగ అనుకున్నాము. గొట్టం తీసినాక వదినను చూసి ఏదో అన్నాడు. తాగినోని మాట మాదిరి ముద్ద ముద్దగా వచ్చింది. మందుల మత్తు అనుకున్నాము. లేచి నిలబడితే తూలి పడినాడు. నీరసం అనుకున్నాము. వారాలు గడిచినా మాట అట్లనే ఉంది, నడక అట్లనే ఉంది. మెదడులో మనిషిని తిన్నగా నిలబెట్టే భాగం ఆ వేడికి దెబ్బతినిందని డాక్టరు చెప్పినాడు. కొంత బాగుపడొచ్చు, ముందు మాదిరి కావడం కష్టమన్నాడు. గోడకు తూకం గుండు వదిలితే వెంట్రుక వాసి తేడా కూడా పట్టుకునే మనిషి, నీళ్ల లోటా నోటి దాకా తేలేకపోయేవాడు.

ఊర్లో మాట వేరే తీరుగా తిరిగింది. "అవ్వ చెప్తానే ఉన్నింది, వినలేదు. చన్నీళ్లలో ముంచి అన్నకు పచ్చవాతం తెచ్చి పెట్టింది." ఎవరూ నా ముఖం మీద అనలేదు. కొళాయి దగ్గర నేను పోతే మాట ఆగిపోయేది. డాక్టరు అన్న మాట నేను చెప్తే, "అవులే మ్మా" అనేవాళ్లు, నమ్మకుండా. మరుసటి ఎండాకాలం సంచి వేసుకుని బయలుదేరితే, పొట్లం తీసుకుంటారు గానీ కూర్చోమనేవాళ్లు లేరు. మాటకు నవ్వినా బాగుండేదనిపించింది.

ఆ ఏడే గొర్రెలు కాసే ముసలాయన ఒకాయన చేన్లో పడిపోయినాడు. నేను ఆ పూట రాజుపాలెంలో మీటింగులో ఉన్నాను. ఒళ్లు కాలుతాందని తెలిసి కూడా ఎవరూ నీళ్లు పోయలేదు. పోస్తే పచ్చవాతం వస్తుందని భయపడి, కంబళి కప్పి, ఆటోలో ప్రొద్దుటూరుకు తీసుకుపోయినారు. దారిలోనే ప్రాణం పోయింది. నేను వచ్చేసరికి వాకిట్లో పండబెట్టి ఉన్నారు. కాళ్ల దగ్గర అదే కంబళి మడిచి పెట్టి ఉంది.

మరుసటి పొద్దున జమ్మలమడుగు బస్సెక్కి అన్న దగ్గరికి పోయాను. అంతా చెప్పి, ఇంక ఈ పని మానేస్తానన్నాను. ఎవరూ విననప్పుడు తిరిగి ఏం లాభమని ఏడ్చినాను. ఆయన గోడ పట్టుకుని లేచి, చొక్కా తీసుకుని, చేతులు దూర్చడానికి కష్టపడతా అన్నాడు:

"న… నన్ను… తోలకపో."

"యాడికన్నా?"

"మీ… ఊరికి."

ఆ పొద్దే ఊరికి తీసుకొచ్చి చావింటి ముందర నులకమంచం మీద కూర్చోబెడితే, ఊరంతా చూస్తాండగా ఒక్కొక్క మాటా కూడదీసుకుని చెప్పినాడు. తనను చెరిచింది నీళ్లు కాదని, ఎండని. నీళ్లు లేకుంటే ఈ మంచం మీద కూర్చునేవాడు కాదని. ఆ నాలుగు మాటలు చెప్పడానికి శానా సేపు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు. రైతు వాళ్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విని, లేచిపోయింది. ఆమె నమ్మిందో లేదో ఈ పొద్దుకూ నాకు తెలీదు. ముసలాయన కొడుకు మాత్రం మా అన్న కాళ్ల దగ్గర కూర్చుని, "ముందే చెప్పింటే నాయనకు పోసేవాన్ని కదా మామా," అని వెక్కి వెక్కి ఏడ్చినాడు.

ముందే చెప్పి ఉన్నాను. వాళ్లింటి గడపలో నిలబడి చెప్పినాను. ఆ మాట నోటిదాకా వచ్చింది, మింగేసినాను.

మొన్న మేలో వదినా వాళ్ల పుట్టింటికి పులివెందుల పోయినప్పుడు అన్నను కూడా తీసుకుపోయాము. బస్టాండు నుంచి ఆటో దిగి నడుస్తాంటే, వీధిలో మూడో అంతస్తు గోడకు ఒక బేల్దారి పూత పూస్తాండాడు. నడి మధ్యాన్నం, తల మీద గుడ్డ కూడా లేదు. అన్న నా భుజం పట్టుకుని ఆగిపోయినాడు. పైకి చూసి పిలిచినాడు. ఆ మాట పైదాకా అందలేదు. నేను అందుకున్నాను.

"దిగి నీళ్లు తాగప్పా. ఎండ దిగినాక చేసుకుందువు."

"ఈ పక్క అయిపోతే దిగుతా మ్మా," అన్నాడు పైనుంచి, తాపీ ఆపకుండా.

"పోదాం పా," అనింది వదిన. అన్న కదల్లేదు. ఎదురింటి వసారా నీడలో మెట్టు మీద కూర్చుని, ఆ మనిషి మీద నుంచి చూపు తీయలేదు. చేసేది లేక మేమూ కూర్చున్నాము. బేల్దారి రెండు మూడు సార్లు కిందికి చూసినాడు. మేము ఇంకా అక్కడే ఉన్నాము. చివరకు విసుక్కుంటా తాపీ పక్కన పెట్టి, పూత కోసం గోడకు కట్టిన సారవ కట్టెలు పట్టుకుని దిగొచ్చినాడు.

"ఏంది మ్మా మీ బాధ?" అన్నాడు.

వదిన సంచిలోంచి నీళ్ల సీసా తీసి ఇచ్చింది. అన్న పక్కకు జరిగి మెట్టు మీద చోటిచ్చినాడు. ఆయన కూర్చుని, సీసా ఎత్తి గటగటా తాగినాడు. మెడ మీద నుంచి చెమట ధారగా కారుతాంది. నేను దాన్నే చూస్తా కూర్చున్నాను.